ఏడు నెలలు ఇంటి ఖర్చు రాశాను: నా అనుభవం

2025 జూన్ 7న రాత్రి మా ఆయన 40,000 రూపాయలు తెచ్చి నా చేతిలో పెట్టారు. అప్పు. నూటికి రెండు రూపాయల మిత్తి, అంటే నెలకు 800. పిల్లలిద్దరి ఫీజు జూన్ 10 లోపు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నారు, స్కూళ్లు తెరిచేది 12న, మా చేతిలో మాత్రం ఏమీ లేదు. నేను కాజీపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మాకు మే నెల జీతం ఉండదు. ఆయన పని చేసే చోట ఏప్రిల్ జీతమే మే 28న పడింది, మే జీతం ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. ఆ డబ్బు బీరువాలో పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం సంపాదిస్తున్నాం, నాకు 16,000, ఆయనకు 28,000, తాగుడు లేదు, పేకాట లేదు, నగలు కొన్నది లేదు, మరి ఈ పైసలన్నీ ఎటు పోతున్నాయి?

మరుసటి రోజు ఆదివారం. పిల్లల పాత నోటుబుక్‌లో మిగిలిన పేజీలు చించి కుట్టి లెక్క రాయడం మొదలుపెట్టాను. మొదటి నెల ఒక్క ఖర్చు కూడా తగ్గించకూడదు, రాయడం మాత్రమే అని అనుకున్నాం. ఈ నిర్ణయం చాలా మంచిదైంది. మొదటి రోజునుంచే తగ్గిస్తే అసలు మనం ఎలా బతుకుతున్నామో ఎప్పటికీ తెలియదు. అత్తమ్మ చూసి "రాసుడుతోని పైసలు మిగుల్తయా బిడ్డా?" అన్నది. నాకు కూడా అదే అనుమానం ఉండె.

రాయడం చెప్పినంత తేలిక కాదు. మూడో రోజుకే మరిచిపోయాను. రాత్రి తొమ్మిదింటికి ఆయన్ను కూర్చోబెట్టి అడిగితే చిరాకు పడ్డారు, "నా చాయ్ పైసలు కూడా లెక్క పెడతవా" అని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అడగడం మానేసి, నెలాఖరుకు ఇద్దరి ఫోన్‌పే స్టేట్‌మెంట్లు తీసి ప్రింట్ వేయించాను. మొత్తం 14 పేజీలు. జూలై 2న వంట అయ్యాక ఇద్దరం నేలమీద కూర్చుని పెన్నుతో ఒక్కొక్కటి గుర్తు పెట్టుకుంటూ పోయాం, రాత్రి పన్నెండున్నర అయింది.

200 రూపాయల లోపు చెల్లింపులే 143 ఉన్నాయి, కలిపితే 9,870. అందులో పెట్రోలు, పాలు, కూరగాయలు కూడా ఉన్నాయి కానీ సగానికి పైగా ఇద్దరిలో ఎవరికీ గుర్తు లేనివి. ఫోన్లో ఆర్డర్ పెట్టి తెప్పించుకున్న తిండి 11 సార్లు, 4,260 రూపాయలు. ఇది చూసి ఆయన నన్నేమీ అనలేదు కానీ నాకు చాలా బాధ అనిపించింది, ఎందుకంటే వాటిలో ఎనిమిది నేను పెట్టినవే. స్కూలు నుంచి అయిదున్నరకు వచ్చి ఇంకో గంటలో మళ్లీ పొయ్యి ముందు నిలబడే ఓపిక లేని రోజులవి. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం పక్కన పెట్టినా ఆ నెల ఖర్చు 45,700. జీతాలు 44,000. అంటే ఏ ఆపదా రాకపోయినా మేము ప్రతి నెలా అప్పులోకే పోతున్నాం.

ముందు తేలికైన వాటి మీద పడ్డాం. ఆ పేజీల్లో ప్రతి నెలా వాటంతట అవే పోతున్నవి మూడు కనిపించాయి: సినిమాలు చూసేవి రెండు, ఒకటి 299, ఇంకొకటి 149, ఇవి కాక పాప బొమ్మలు గీసుకోవడానికి వారం రోజులు ఫ్రీ అని వేసుకున్న యాప్‌కు 399. నెలకు 847. ఆ యాప్ మార్చిలోనే ఫోన్‌లోంచి తీసేశాం. యాప్ తీసేస్తే డబ్బు కట్ అవడం ఆగదని నాకు అప్పటిదాకా తెలియదు, యూపీఐలో ఆటోపే అని వేరే చోటు ఉంటుంది, అక్కడికి వెళ్లి రద్దు చేయాలి. జూలై 5న రెండు రద్దు చేశాం. 299ది మాత్రం ఆటోపేలో కనిపించలేదు, 9న మళ్లీ కట్ అయింది. అది మా ఆయన డెబిట్ కార్డు మీద ఉందట, బ్యాంకుకు రెండుసార్లు తిరిగితే కానీ ఆ సంగతి తేలలేదు, చివరకు దాని వెబ్‌సైట్‌లోకి లాగిన్ అయి జూలై 26న ఆపగలిగాం. మీరు కూడా ఒకసారి యూపీఐ, కార్డు రెండూ చూడండి, ఒకటి చూసి సరిపెట్టుకోవద్దు.

అత్తమ్మ ఫోన్ కూడా అప్పుడే చూశాం. ఆమెకు ఫోన్ మాట్లాడటానికి తప్ప ఇంటర్నెట్ అక్కర్లేదు, అయినా నెల నెలా మూడు వందల దాకా డేటా రీచార్జ్ వేస్తున్నాం. ఫోన్ కంపెనీలను నియంత్రించే ట్రాయ్ చెప్పాక 2025 జనవరి నుంచి మాట్లాడటానికి, మెసేజ్‌లకు మాత్రమే ఉండే రీచార్జ్‌లు వచ్చాయి, 84 రోజులవి. దుకాణంలో అడిగితే మొదట అలాంటిది లేదన్నాడు, ఫోన్లో తెరిచి చూపిస్తే వేశాడు.

కరెంటు సంగతి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మాకు రెండు నెలలు పట్టింది. జూలై మొదట్లో వచ్చిన బిల్లు 236 యూనిట్లు. మాకు రేషన్ కార్డు లేదు కాబట్టి గృహజ్యోతి (200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు) రాదు, పైన అద్దెకున్నవాళ్లకు వస్తుంది, వాళ్లు 200 దాటకుండా ఎంత జాగ్రత్తగా ఉంటారో రోజూ చూస్తూనే ఉన్నాను. బిల్లు వెనక్కీ ముందుకీ తిప్పి లెక్క వేస్తే నాకూ అర్థమైంది. 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, తర్వాతి వందకు 4.80 చొప్పున, కలిపి 820. 201 అయితే మాత్రం మొదటి రెండు వందలకూ 5.10 చొప్పునే వేస్తారు, ఆ పై యూనిట్‌కు 7.70, అంటే 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్ ఎక్కువైతే 207 రూపాయలు పెరుగుతున్నది! ఫిక్స్‌డ్ చార్జీలు వగైరా వేరే. ఇన్నేళ్లు కడుతూ ఈ ఒక్క లెక్క చూసుకోలేదు.

రోజూ పొద్దున ఏడింటికి మీటరు చూసి నోటుబుక్‌లో రాయడం మొదలుపెట్టాను. ఇస్త్రీ వారానికి ఒకేసారి, హాల్లో మనిషి లేకపోతే ఫ్యాన్ లేదు, ఇలా ఎంత జాగ్రత్త పడ్డా ఆగస్టు బిల్లు 221. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆగస్టు 2, శనివారం, మధ్యాహ్నం ఇంట్లో ఫ్రిజ్‌తో సహా అన్నీ బంద్ చేసి మీటరు దగ్గర నిలబడ్డాను. ఎర్ర లైటు కొట్టుకుంటూనే ఉంది. ఒకసారి మెల్లగా, పైన ట్యాంకుకు మోటారు వేసిన తర్వాత గబగబా. అంటే బోరు మోటారు, మెట్ల మీది లైటు రెండూ మా మీటరు మీదే నడుస్తున్నాయి. మేము ఆ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్లు.

ఇంటి ఓనరు కరీంనగర్‌లో ఉంటారు. ఫోన్ చేస్తే మొదట "మొదటి నుంచీ అట్లనే ఉందమ్మా" అన్నారు. కోపం వచ్చినా గొంతు పెంచలేదు, ఇల్లు ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం. మూడు వారాల పాటు నేను రెండుసార్లు, ఆయన ఒకసారి మాట్లాడాక, మోటారుకు వేరే లైను లాగి ఓనరు పేర ఉన్న మూడో మీటరుకు కలిపేందుకు ఒప్పుకున్నారు. ఎలక్ట్రీషియన్‌కు 650 అయింది, సగం మేమే పెట్టుకున్నాం. ఆగస్టు 27న పని అయింది. సెప్టెంబరు బిల్లు 204, ఎనర్జీ చార్జీ 1,050. అక్టోబరు బిల్లు 171, ఎనర్జీ చార్జీ 680. ఆ బిల్లు చేతికి వచ్చిన రోజు నేను మీటరు రీడింగ్ తీసే అబ్బాయికి చాయ్ పోసి పంపించాను.

ఇక సామాను. మా కాలనీ కిరాణా సేటు దగ్గర మాకు ఎప్పుడూ ఉద్దెర ఖాతా ఉంటుంది, జూలైకి 3,900 బాకీ. బయట కొనాలంటే ముందు అది తీర్చాలి, తీర్చకుండా ఆయన దుకాణం ముందు నుంచి ఆటోలో బస్తాలు తీసుకుపోవడం నావల్ల కాదు. జూలైలో జీతం రాగానే మొదట అదే కట్టాను. తర్వాత జూలై 12న, రెండో శనివారం, నేను, పక్కింటి ఇద్దరం కలిసి వరంగల్ బీట్ బజార్ పోయాం. 30 కిలోల కందిపప్పు బస్తా తీసి ముగ్గురం పంచుకున్నాం. కాలనీలో కిలో 130, అక్కడ 108 పడింది. చింతపండు, ఎండు కొబ్బరి, పల్లీలు, ధనియాలు, వీటిలో బాగా తేడా ఉంది. చక్కెర, ఉప్పు, సబ్బుల్లో ఏమీ లేదు, ఒక రూపాయి రెండు రూపాయలు, వాటికోసం అంత దూరం మోయడం దండగ. ఆటోకు 150, ఎండలో మూడున్నర గంటలు. ఒక్కరమే పోతే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, ముగ్గురు కలిస్తేనే కిట్టుబాటు. సేటు వారం రోజులు నాతో ముభావంగా ఉన్నాడు. ఇప్పటికీ చక్కెర, నూనె, సబ్బులు ఆయన దగ్గరే తీసుకుంటున్నాను, నగదు ఇచ్చి.

బయటి తిండి మానేయాలని తీర్మానం చేసుకుంటే కుదరదు. పోయిన ఆగస్టు మొదటి వారంలో అన్నీ ఒకేసారి బంద్ చేశాను, బయటి తిండి, పిల్లల చిరుతిండి, సాయంత్రం చాయ్‌కు పాలు కూడా మూడు ప్యాకెట్ల నుంచి రెండుకు. తొమ్మిది రోజులు నడిచింది. పదో రోజు బాబు స్కూల్లో స్నేహితుడి డబ్బా అడుక్కుని తిన్నాడని తెలిసింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అత్తమ్మ గట్టిగానే అన్నది, "పిల్లల నోరు కట్టి ఎవలకు మిగులుస్తవ్?" అని. ఆ మాట నిజం. పాలు మళ్లీ మూడు ప్యాకెట్లు చేశాను, అందులో ఒకటి తోడుపెట్టి పెరుగు కొనడం మానేశాం. చిరుతిండికి అత్తమ్మే దారి చూపింది. బియ్యం, కొంచెం శనగపప్పు గిర్నికి పంపి పిండి పట్టించి పెట్టుకుంటే, నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె పల్లీలు, నువ్వులు, ఉల్లి ఆకు వేసి సర్వపిండి గిన్నెకు ఒత్తి పెడుతుంది. పొయ్యి మీద పెట్టడమే నా పని. పిల్లలు మాడిన అంచు కోసం కొట్లాడుకుంటారు. ఆర్డర్ పెట్టడం నెలకు రెండుసార్లకు వచ్చింది, ఆ రెండూ ఉండనిచ్చాను.

అత్తమ్మ షుగరు, బీపీ మందులకు నెలకు 1,450 అయ్యేది. ఆగస్టులో చూపించుకోవడానికి పోయినప్పుడు డాక్టర్‌నే అడిగాను, జన ఔషధి కేంద్రంలో ఇవే మందులు తీసుకోవచ్చా అని. మందు పేరు, డోసు అదే ఉండాలి, మార్చిన నెల రోజులకు టెస్టులు చేయించండి అన్నారు. చేయించాం, తేడా లేదు. ఇప్పుడు 520 అవుతున్నాయి. అయితే అక్కడ ఒక్కో మందు ఒక్కోసారి ఉండదు, ఒకసారి నాలుగు రోజులు తిరిగాను. ఇంకా పది రోజుల గోలీలు ఉండగానే వెళ్లడం అలవాటు చేసుకున్నాను.

బస్సు గురించి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆడవాళ్లకు ఉచిత బస్సు, మహాలక్ష్మి టికెట్ ఉండి కూడా నేను స్కూటీ మీద పోయేదాన్ని, పెట్రోలుకు నెలకు 1,700. సెప్టెంబరు 1 నుంచి బస్సు ఎక్కాను. పొద్దున ఒక్కోరోజు పది నిమిషాలు, ఒక్కోరోజు అరగంట నిలబడాలి, వచ్చిన బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. రెండు వారాల్లో మూడుసార్లు ఆలస్యమై ఒక పూట జీతం కోశారు, 260. పొద్దున మా ఆయన తన బండి మీద దింపుతున్నారు, సాయంత్రం బస్సులో వస్తున్నాను. నెలకు 900 దాకా మిగులుతున్నది, పూర్తిగా కాదు.

ఇలా ఆగస్టులో 5,000, సెప్టెంబరులో 6,000, బతుకమ్మ, దసరా ఖర్చులు ఉన్నా అక్టోబరులో 4,000 అప్పు కట్టాం. ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంలోనే ఒక తప్పు చేశాను. అక్టోబరు రెండో వారంలో ధర తగ్గిందని బీట్ బజార్ నుంచి మూడు నెలలకు సరిపడా తెచ్చాను, కందిపప్పు 22 కిలోలు, మినప్పప్పు పది కిలోలు, గోధుమపిండి, కారం. వంటింట్లో కింద, గోడ వారన పెట్టాను.

అక్టోబరు 29. మొంథా తుఫాను వాన. మాది హనుమకొండలో కొంచెం పల్లంగా ఉండే కాలనీ. సాయంత్రం నుంచి రోడ్డు మీద నీళ్లు, రాత్రి పదకొండు గంటలకు గడప దాటాయి, చూస్తుండగానే మోకాళ్లకు వచ్చాయి. పిల్లల్ని, అత్తమ్మను పై వాళ్ల ఇంటికి పంపి, సర్టిఫికెట్లు, మందులు, పిల్లల పుస్తకాలు పైకి ఎక్కించేసరికి మిగతాది మునిగింది. ఆ చీకట్లో నా నోటుబుక్ కోసం కూడా వెతికాను, అది బీరువా మీద ఉంది. మూడు రోజులు మా అక్క వాళ్లింట్లో ఉన్నాం. తిరిగొచ్చి తలుపు తీస్తే ఆ వాసన ఇప్పటికీ మరచిపోలేను. పప్పు ఉబ్బి సంచులు పగిలాయి, బురదనీళ్లు తాకింది కాబట్టి ఒక్క గింజ కూడా ఉంచుకోలేదు. పారబోస్తుంటే అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా కంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు, అది తెలుసు, అయినా ఆ పప్పు కోసం ఎండలో మోసిన చేతులు నావి. సామాను నష్టం 4,700, ఫ్రిజ్ రిపేరుకు 3,200, పరుపు ఒకటి, స్కూటీ ఇంజన్‌కు ఇంకొన్ని. నవంబరులో అప్పుకు ఒక్క రూపాయి కట్టలేదు, మిత్తి మాత్రం కట్టాం. కొత్తగా ఇంకో అప్పు చేయకుండా ఆ నెల గడిచింది. జూన్‌లోలాగే బతుకుతూ ఉంటే అది జరిగేది కాదు.

ఆ తర్వాత 50 లీటర్ల డ్రమ్ములు రెండు పాతవి కొని సజ్జ మీద పెట్టాం. ఇప్పుడు ఒక నెల సామానే తెస్తున్నాను, ధర ఎంత తగ్గినా సరే.

బియ్యం మాత్రం ఏడాదికి తీసుకున్నాం, కానీ మా ఇంట్లో పెట్టలేదు. అంతకుముందు 26 కిలోల బస్తా 1,560కి కొనేవాళ్లం. (25 కిలోల వరకు ఉండే ప్యాక్ చేసిన బస్తాలకు 2022 జూలైలో జీఎస్టీ వేసినప్పటి నుంచి చాలావరకు 26 కిలోలవే అయ్యాయి.) డిసెంబరులో నర్సంపేట దగ్గర మా అమ్మగారి ఊళ్లో వడ్లు పట్టించి క్వింటాలు 4,800 చొప్పున మూడున్నర క్వింటాళ్లు మాట్లాడుకున్నాం, డబ్బు సగం ఇప్పుడు, సగం ఉగాదికి. అమ్మ వాళ్లింట్లోనే ఉంచి నెలకు ఒక బస్తా తెచ్చుకుంటున్నాం. కొత్త బియ్యం కదా, మొదటి వారం అన్నం ముద్దయి పిల్లలు తినలేదు. ఎసరు తగ్గించి, కడిగి కాసేపు ఆరబెట్టి వండితే నయం. పూర్తిగా బాగుండాలంటే మాత్రం ఇంకో మూడు నాలుగు నెలలు పాతపడాల్సిందే.

డిసెంబరు ఖర్చు 35,400, బియ్యానికి ఇచ్చిన సగం డబ్బు కాక. ఆ సగం మా ఆయనకు వచ్చిన పాత ఓవర్‌టైం డబ్బులోంచి ఇచ్చాం. ఆ నెల అప్పుకు 8,000, సంక్రాంతికి సకినాలు చేసుకుని కూడా జనవరిలో 7,000. ఇంకా 10,000 ఉంది, మిత్తి ఇప్పుడు నెలకు 200. మా ఆయన జీతం ఇప్పటికీ చెప్పిన తేదీకి పడదు, ఆ టెన్షన్ అలాగే ఉంది.

మొన్న రాత్రి నోటుబుక్ ముందేసుకుని కూర్చుంటే అత్తమ్మ తనంతట తానే వచ్చింది, భద్రకాళి గుడికి పోయి వచ్చిందట. "హుండీల పదకొండు రూపాయలు ఏసిన, పువ్వులకు ఇరవై, ఆటో ముప్పై. గది కూడ రాయి" అన్నది. రాశాను.